మాట ఇచ్చిన రోజే తేలిపోతుంది

రంజాను నెల సగం గడిచేసరికి మా పేటలోని ఒక దర్జీ దుకాణం ముందు ప్రతి సంవత్సరమూ ఒక అట్టముక్క వేలాడుతుంది. దానిపై ఉర్దూలోనూ తెలుగులోనూ రెండే మాటలు ఉంటాయి: ‘ఆర్డర్లు బంద్’. వ్యాపారం జోరుగా సాగే రోజుల్లో, గుడ్డల సంచులతో జనం బారులు తీరే సమయంలో చేతికందిన సొమ్మును కాదనుకునే ఆ మనిషిని చూసి నవ్వేవారున్నారు. ఒకప్పుడు ఆయనపై విసుగు చెందినవారిలో మేమూ ఉన్నాము.

కొన్నేళ్ళ క్రితం పదిహేడో ఉపవాసం నాడు మా మేనల్లుడి కుర్తా గుడ్డ తీసుకుని ఆ దుకాణానికి వెళ్ళాము. ‘మాస్టర్ సాబ్, చిన్నపిల్లాడి కుర్తాయే కదా, ఎక్కడో ఒకచోట సర్దండి’ అన్నాము. ఆయన కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. మమ్మల్ని కూర్చోబెట్టిన తర్వాత మెల్లగా అన్నారు: ‘హజ్రత్, మీ మాట కాదనడం నాకు కష్టమే. కాని ఈ గుడ్డ తీసుకుంటే రెండింటిలో ఒకటి జరుగుతుంది. మా కారిగర్ నిద్రమత్తులో కుట్టిన కుర్తా మీ చేతికి వస్తుంది. లేదంటే మీకన్నా ముందు గుడ్డ ఇచ్చినవారి పిల్లాడికి పండుగ ఉదయం కొత్త బట్టలుండవు. ఈ రెండింటిలో మీరు దేనికి ఒప్పుకుంటారో చెప్పండి.’

మేము సమాధానం చెప్పలేదు. లేచి మరో వీధిలోని దుకాణానికి వెళ్ళాము. అక్కడ గుడ్డ వైపు చూడకుండానే ‘ఇన్షా అల్లాహ్, అయిపోతుంది’ అన్నారు. అయింది కూడా. చాంద్ రాత్ నాడు అర్ధరాత్రి దాటాక చేతికి వచ్చింది. ఒక చెయ్యి పొడవు, మరొక చెయ్యి పొట్టి. కాజాల నుంచి దారాలు వేలాడుతున్నాయి. మొదటి ఉతుకుకే చంక దగ్గర కుట్టు విచ్చుకుంది. ఆ దర్జీకి పని రాదని మేము అనము. మిగతా రోజుల్లో ఆయన కుట్టిన బట్టలు చక్కగానే ఉంటాయి. లోపం ఆయన సూదిలో లేదు, ఆలోచించకుండా ఇచ్చిన మాటలో ఉంది. గడువుకూ నాణ్యతకూ మధ్య తగవు చివరి రాత్రి పుట్టినట్టు మనకు కనిపిస్తుంది. నిజానికి అది మాట ఇచ్చిన రోజే పుడుతుంది.

ఇక్కడ మరొక మాట కూడా చెప్పుకోవాలి. ‘ఇన్షా అల్లాహ్’ అనేది మనం చేసే సంకల్పాన్ని అల్లాహ్‌కు అప్పగించే మాట. చేయలేమని తెలిసిన పనిని కప్పిపుచ్చుకోవడానికి అది తెర కాకూడదు. కొన్ని బజార్లలో ఆ మాట వినగానే ‘ఇక ఈ పని కానట్టే’ అని జనం అనుకునే స్థితి వచ్చిందంటే ఆ తప్పు మాటది కాదు, దాన్ని వాడిన మనది.

రెండూ హక్కులే

నాణ్యత మంచిదనీ, గడువు చెడ్డదనీ తేల్చేయడం సులువు. మంచి పనివారమని పేరు పొందినవారు కొందరు ఈ మాట చాటున తమ అలసత్వాన్ని దాచుకుంటారు. ‘మంచి పనికి సమయం పడుతుంది’ అంటూ నెలలు గడిపేస్తారు. కాని పండుగ దాటిపోయాక వచ్చిన షేర్వానీ ఎంత అందంగా ఉన్నా పెట్టెలోకే పోతుంది. వలీమా అతిథులు లేచి వెళ్ళాక దిగిన బిర్యానీ డేగ్ ఎంత రుచిగా ఉన్నా ఎవరి ఆకలీ తీర్చదు. చెప్పిన రోజుకు పని అందడం అవతలివారి హక్కు. అందిన పని మన్నికగా ఉండడం కూడా అవతలివారి హక్కే. ఒక హక్కును చెల్లించడానికి రెండో హక్కును ఎగవేయడం న్యాయం అనిపించుకోదు.

అయితే రెండూ ఒకేసారి చెల్లించలేని పరిస్థితి వస్తే ఏది వంచాలి? అన్ని పనులకూ ఒకే జవాబు లేదు. కొన్ని పనుల్లో తేదీ కదలదు, పని పరిమాణం తగ్గించుకోవచ్చు. కొన్ని పనుల్లో పరిమాణమూ తగ్గదు, నాణ్యతా తగ్గదు, తేదీయే కదలాలి. ఈ తేడాను ముందుగా గుర్తించడమే అసలు వివేకం.

మా పేట మాస్టర్ సాబ్ ఏమి చేస్తారో చూడండి. పండుగ తేదీని ఎవరూ జరపలేరు. కుట్టు బలంలో రాజీపడడానికి ఆయన ఒప్పుకోరు. అందుకని మూడో దారి పట్టుకుంటారు. ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో ముందే లెక్క కట్టుకుంటారు. పని మరీ ఒత్తిడిగా ఉంటే గల్లా మీద ఎంబ్రాయిడరీ తగ్గించుకుందామని గుడ్డ తీసుకునేటప్పుడే అడుగుతారు. అలంకారం తగ్గుతుంది కాని అతుకు బలం తగ్గదు. ఇది ఆయన ఏ కళాశాలలోనూ నేర్చుకోలేదు. ఏటా పండుగ ఉదయం పిల్లల ముఖాలు చూస్తూ నేర్చుకున్నారు.

తేదీ తల వంచిన చోటు

తేదీయే తల వంచవలసిన పనికి ముస్హఫ్ ముద్రణను మించిన ఉదాహరణ మాకు తెలియదు. సుమారు 1537-38లో ఇటలీలోని వెనిస్ నగరంలో పగనీని అనే ముద్రాపకుల కుటుంబం, తండ్రీ కొడుకూ కలిసి, అరబీ అచ్చులు పోతపోయించి ఖుర్ఆన్‌ను ముద్రించింది. ముస్లిం దేశాలలో అమ్ముకోవాలన్నది వారి ఉద్దేశమని పరిశోధకుల అభిప్రాయం. అక్షరాలు తప్పాయి, స్వర చిహ్నాలు తప్పాయి. ఆ వ్యాపారం మునిగిపోయింది. ఒక్క ప్రతి కూడా మిగలలేదని శతాబ్దాల పాటు లోకం అనుకుంది. 1987లో వెనిస్‌లోని ఒక క్రైస్తవ సన్యాసుల గ్రంథాలయంలో ఏంజెలా నువోవో అనే పరిశోధకురాలికి ఒక ప్రతి దొరికింది. యంత్రం ఉంది, పెట్టుబడి ఉంది. అక్షరం అక్షరం సరిచూడగల హాఫిజ్ మాత్రం ఆ అచ్చుయంత్రం పక్కన లేడు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఈజిప్టు పాఠశాలలకు విదేశాల నుంచి వచ్చిన ముద్రిత ప్రతులలోనూ తప్పులు బయటపడ్డాయి. పిల్లల చేతుల్లో ఉన్న గ్రంథం అది. వేలాది విద్యార్థులకు పుస్తకాలు వెంటనే కావాలి. అయినా అక్కడి పండితులు త్వరపడలేదు. ఈజిప్టు ఖారీలకు పెద్ద అయిన షేక్ ముహమ్మద్ బిన్ అలీ అల్ హుసైనీ అల్ హద్దాద్ ఆధ్వర్యంలో మూల ప్రతి తయారైంది. లిపి నియమాలు, విరామ చిహ్నాలు, ఆయతుల లెక్క అన్నిటినీ ప్రామాణిక గ్రంథాలతో సరిచూశారు. సంవత్సరాల శ్రమ తర్వాత 1924లో ఆ ముస్హఫ్ కైరోలో వెలువడింది. దోషాలున్న పాత ప్రతులను పెద్ద సంఖ్యలో నైలు నదిలో ముంచివేశారని చరిత్రకారులు రాశారు. నేడు ప్రపంచంలో ఎన్నో ముద్రణలు ఆ కైరో ప్రతి బాటలోనే నడుస్తున్నాయి. ఆనాడు ఆ పండితులు ఎన్నాళ్ళు ఆలస్యం చేశారని నేడు ఎవరూ అడగరు. తప్పుతో వెలువడి ఉంటే మాత్రం ఎప్పటికీ అడుగుతూనే ఉండేవారు.

1984లో మదీనాలో ప్రారంభమైన కింగ్ ఫహద్ ముద్రణాలయం కథ మరొక పాఠం చెబుతుంది. అక్కడ ముద్రణ ఏటా లక్షల ప్రతులలో జరుగుతుంది. అంటే వేగం కూడా ఉంది. అయితే ఆ వేగం తనిఖీని తగ్గించుకుని వచ్చినది కాదు. మూల ప్రతిని పండితుల సంఘం సరిచూస్తుంది. ముద్రణ జరుగుతుండగా ఒక తనిఖీ, బైండింగు అయ్యాక మరొక తనిఖీ ఉంటాయి. తప్పును పుట్టిన చోటే పట్టుకుంటే దాన్ని సవరించడానికి ఒక్క పుట సరిపోతుంది. చివర్లో పట్టుకుంటే ముద్రించిన కట్టలన్నీ పక్కన పెట్టవలసి వస్తుంది. తనిఖీ పనిని ఆలస్యం చేస్తుందని అనుకునేవారు ఈ లెక్కను మరచిపోతారు.

తేదీ గెలిచిన రోజు

తేదీ ముందు నాణ్యత ఓడిపోతే ఏమవుతుందో అమెరికా తన కళ్ళారా చూసింది. 1986 జనవరి 28న ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రం నుంచి ఛాలెంజర్ అనే వ్యోమనౌక లేచింది. 73 సెకన్లలో ఆకాశంలోనే విచ్ఛిన్నమైంది. అందులోని ఏడుగురూ మరణించారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే పాఠశాల ఉపాధ్యాయిని ఒకరు. అంతరిక్షం నుంచి పిల్లలకు పాఠం చెప్పడానికి ఆమె బయలుదేరింది. దేశమంతటా బడిపిల్లలు తరగతి గదుల్లో టెలివిజన్ల ముందు కూర్చుని ఆ దృశ్యం చూశారు.

అది ఎవరికీ తెలియని లోపం వల్ల జరిగిన ప్రమాదం కాదు. నౌకను మోసే రాకెట్ భాగాల అతుకుల మధ్య వేడి వాయువు బయటకు రాకుండా రబ్బరు వలయాలు ఉంటాయి. చలికి ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, అతుకును సమయానికి మూయలేదు. రాకెట్లు తయారుచేసే సంస్థలో ఇంజనీరుగా ఉన్న రోజర్ బోయిజోలీ ఈ ప్రమాదాన్ని 1985 జూలైలోనే తన పై అధికారులకు రాసి తెలియజేశాడు. ప్రయోగానికి ముందు రోజు రాత్రి ఆ సంస్థకూ అంతరిక్ష సంస్థకూ మధ్య టెలిఫోన్ సమావేశం జరిగింది. ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ ఉంటే ప్రయోగించవద్దని ఇంజనీర్లు మొదట సలహా ఇచ్చారు. ఆ రాత్రి చలి నీరు గడ్డకట్టే స్థాయి కన్నా దిగువకు పోనుంది.

కాని ప్రయోగం అప్పటికే ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. వరుసగా మరెన్నో ప్రయోగాలు నిర్ణయమై ఉన్నాయి. అవతలి నుంచి అసంతృప్తి వ్యక్తమైంది. సంస్థ అధికారులు కొంతసేపు విడిగా మాట్లాడుకున్నారు. ఇంజనీర్ల అభిప్రాయం మారలేదు, అధికారుల నిర్ణయం మారింది. ప్రయోగించవచ్చని రాసి పంపారు. ప్రయోగ కేంద్రంలో ఆ సంస్థ తరఫున ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్ ఆ కాగితంపై సంతకం చేయడానికి నిరాకరించాడు. ఆ సంతకం మరొకరు చేశారు.

తర్వాత విచారణ సంఘం ముందు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి తీసి చూపించాడు. చలికి అది తన సాగే గుణాన్ని కోల్పోవడం అందరూ చూశారు. ఎండ వచ్చే రోజు వరకు ఆగి ఉంటే సరిపోయేది. ఆ కొద్ది రోజులు ఆగనందుకు తర్వాతి వ్యోమనౌక లేవడానికి 1988 సెప్టెంబరు 29 వరకు, అంటే 32 నెలలు ఆగవలసి వచ్చింది. ఏడు ప్రాణాలు మాత్రం ఎన్ని నెలలు ఆగినా తిరిగి రావు.

ఈ కథలో మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది రబ్బరు వలయం కాదు. లోపం తెలిసినవాడు చెప్పాడు, వినవలసినవాడు విన్నాడు, అయినా తేదీయే గెలిచింది. అది ఎక్కడో దూరదేశంలో పెద్దవారి తప్పు అనుకుని ఈ వ్యాసం ఇక్కడే ముగించవచ్చు. కాని అదే తప్పు మా చేతుల మీదుగానూ జరిగింది.

మేము చేసిన తప్పు

మేము చాలా ఏళ్ళుగా హిఫ్జ్ తరగతికి పాఠం చెబుతున్నాము. మదరసా సంవత్సరం షాబాన్ నెలలో ముగుస్తుంది. అప్పుడు వార్షిక జల్సా జరుగుతుంది, ఖుర్ఆన్ కంఠస్థం పూర్తి చేసిన పిల్లలకు దస్తార్‌బందీ చేస్తారు. ఒక సంవత్సరం జల్సాకు మూడు నెలల ముందే గోడపత్రికలు అచ్చువేయించాము. దూర ప్రాంతం నుంచి పెద్ద అతిథి వస్తున్నారు. పత్రికపై ఆరుగురు పిల్లల పేర్లు ఉన్నాయి. ఆరో పిల్లవాడికి ఇంకా ఆరు పారాలు మిగిలి ఉన్నాయి.

హిఫ్జ్ చదువు ఎలా సాగుతుందో తెలియనివారి కోసం రెండు మాటలు. పిల్లవాడు ప్రతి రోజూ మూడు పనులు చేస్తాడు. కొత్త పాఠం వినిపిస్తాడు, అది సబఖ్. ఈ మధ్య నేర్చినదాన్ని వినిపిస్తాడు, అది సబ్‌ఖీ. ఎప్పుడో నేర్చినదాన్ని మళ్ళీ మళ్ళీ వినిపిస్తాడు, అది ఆమూఖ్తా. పైకి కనిపించేది సబఖ్. ఇన్ని పారాలయ్యాయని చెప్పుకునేది దాన్నిబట్టే. కట్టడాన్ని నిలబెట్టేది మాత్రం ఆమూఖ్తా.

ఆ మూడు నెలలు మేము ఆ పిల్లవాడి ఆమూఖ్తా సమయాన్ని సబఖ్‌కు ఇచ్చాము. అతడి ఆమూఖ్తా వినే యువ ఉపాధ్యాయుడు ఒక రోజు మా దగ్గరకు వచ్చి, ‘హజ్రత్, వెనకటిది కచ్చాగా ఉంది, జారిపోతోంది’ అన్నాడు. ‘జల్సా తర్వాత చూసుకుందాం మౌల్వీ సాబ్, ఇప్పుడు పిల్లాడి మనసు విరచవద్దు’ అని అతడిని పంపేశాము. అతడు మళ్ళీ మాట ఎత్తలేదు. ఎత్తకుండా చేసింది మేమే.

జల్సా ఘనంగా జరిగింది. పిల్లవాడి తలకు దస్తార్ చుట్టారు. తండ్రి ఆటో నడుపుకునే మనిషి. ఆ రోజు బాడుగలు మానుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. ఆపై వచ్చిన రంజానులో తమ ఊరి మస్జిద్‌లో తరావీహ్ చదివించడానికి ఆ పిల్లవాడిని పిలుచుకున్నారు. మొదటి రాత్రి నాలుగుచోట్ల ఆగిపోయాడు. వెనుక నుంచి వినేవారు అందించారు. మూడో రాత్రికి అందించేవారికే ఓపిక పోయింది. ఐదో రోజు మరొకరిని పిలిపించారు. పిల్లవాడు ఆ నెలంతా ఇంటి గుమ్మం దాటలేదని తర్వాత తెలిసింది.

పండుగ తర్వాత తండ్రి కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. నిందిస్తాడని అనుకున్నాము. ఆయన చేతులు కట్టుకుని, ‘ఉస్తాద్ సాబ్, తప్పు మావాడిదే. వాడి తెలివి అంతే. కాస్త దయచూడండి’ అన్నాడు. ఆ మాటకన్నా నింద మేలు. తప్పు అతడి కొడుకుది కాదు. గోడపత్రిక మీద పేరు ముందుగా అచ్చువేయించిన మాది. ఆ సంగతి ఆ రోజే తండ్రితోనూ చెప్పాము, యువ ఉపాధ్యాయుడితోనూ చెప్పాము. పిల్లవాడి హిఫ్జ్ మళ్ళీ గట్టిపడడానికి ఏడాదిన్నర పట్టింది. జల్సాను దాటవేసి ఒక్క ఆరు నెలలు ఆగి ఉంటే సరిపోయేదానికి ఏడాదిన్నర, పైగా ఒక పసి మనసుకు తగిలిన గాయం.

మన ఇళ్ళలో

ఈ విషయం దర్జీలకూ ఇంజనీర్లకూ మదరసాలకూ మాత్రమే సంబంధించినది కాదు. నేడు మన ఇళ్ళలో ఒక పిల్లవాడు సాఫ్ట్‌వేర్ సంస్థలో ‘డెడ్‌లైన్’ అంటూ రాత్రుళ్ళు మేలుకుంటాడు. ఒక సోదరి ఇంట్లో కూర్చుని పెళ్ళి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ఒక సోదరుడు ఇళ్ళు కట్టే మేస్త్రీ. వీరందరికీ ఉపయోగపడే నాలుగు మాటలు మా అనుభవం నుంచి చెప్పదలచాము.

మొదటిది, మాట ఇచ్చే ముందు చేతిలో ఉన్న పనిని లెక్కించాలి. మగ్గం వర్క్ చేసే సోదరి నెలకు నాలుగు జాకెట్లు చేయగలిగితే, ఐదోదానికి ‘వచ్చే నెల’ అనడం మర్యాద తప్పినట్టు కాదు. కాదనలేక ఒప్పుకుని చివరికి పెళ్ళికూతురిని ఏడిపించడమే మర్యాద తప్పడం.

రెండవది, పని మొదలుపెట్టినప్పుడే ఏది వంగుతుందో, ఏది వంగదో అవతలివారితో తేల్చుకోవాలి. ఇల్లు కట్టే మేస్త్రీ రంగుల పని వాయిదా వేయవచ్చు. స్లాబుకు నీళ్ళు పట్టే రోజులను మాత్రం తగ్గించకూడదు. గృహప్రవేశం తేదీ కోసం తడి ఆరకముందే చెక్కలు ఊడదీస్తే ఆ ఇంటి కప్పు ఆ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి భయపెడుతుంది.

మూడవది, ఆలస్యమవుతుందని తెలిసిన రోజే చెప్పాలి. పది రోజుల ముందు చెప్పిన ఆలస్యం అవతలివారికి అసౌకర్యం. చివరి రాత్రి చెప్పిన ఆలస్యం మోసంతో సమానం. చివర్లో మనుషులను కుప్పగా చేర్చి గట్టెక్కవచ్చని కూడా అనుకోవద్దు. ఐబీఎంలో భారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వెలువడిన తన పుస్తకంలో, అలా చేరినవారికి పని నేర్పడంలోనే ఉన్న సమయం ఖర్చయి పని మరింత వెనుకబడుతుందని వివరించాడు. మా మాస్టర్ సాబ్ కూడా పండుగ వారంలో కొత్త కారిగర్‌ను మిషను ముందు కూర్చోబెట్టరు. కాజాలు, బొత్తాలు, ఇస్త్రీ మాత్రమే అప్పగిస్తారు.

నాలుగవది, అన్నిటికన్నా కష్టమైనది. మన కింద పనిచేసేవారు ‘ఇది కచ్చాగా ఉంది’ అని చెప్పగలిగే ధైర్యం మనమే వారికి ఇవ్వాలి. కొడుకు తండ్రితో, కారిగర్ మాస్టర్‌తో, చిన్న ఉపాధ్యాయుడు పెద్ద ఉపాధ్యాయుడితో ఆ మాట అనగలగాలి. అలా చెప్పినవారిని ఒక్కసారి కసిరితే రెండోసారి వారు చెప్పరు. ఆ తర్వాత లోపం గురించి మనకు చెప్పేది లోకమే.

మా మదరసాలో ఇప్పుడు జల్సా గోడపత్రికలపై పిల్లల పేర్లు వేయడం లేదు. షాబాన్‌కు ముందు వేరే మదరసా నుంచి ఒక హాఫిజ్ వచ్చి ప్రతి పిల్లవాడినీ రోజుల తరబడి వింటారు. సిద్ధంగా ఉన్నవారికే దస్తార్. మిగిలినవారు మరుసటి ఏటి వరకు ఆగుతారు. గడిచిన సంవత్సరం ఒక తల్లి, బంధువులందరికీ చెప్పుకున్నామని, తమ పిల్లవాడికీ చుట్టించమని కన్నీళ్ళతో అడిగింది. ఆ సమయంలో మాకు మా పేట దర్జీ గుర్తుకు వచ్చారు. ఆమెను కూర్చోబెట్టి, ఆయన మమ్మల్ని అడిగినట్టే అడిగాము: ‘అమ్మా, జల్సాలో మీవాడి తలకు దస్తార్ కావాలా, రేపు మిహ్రాబ్‌లో మీవాడి గొంతు తడబడకుండా ఉండడం కావాలా?’

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ‘ఆగుతాం ఉస్తాద్ సాబ్’ అంది.